రంగు చెప్పే అక్క

మేం ఈగల్ని పెంచుతాం అంటే ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు నవ్వుతారు. మా అత్తగారు నవ్వనూ లేదు, నమ్మనూ లేదు. కోడలు పండ్ల రసాల కంపెనీలో పని చేస్తోందని ఇరుగుపొరుగుకు పదిహేనేళ్ళు చెప్పుకుంది. ఆవిడ తప్పేం లేదు. లోకమంతా ఈగల్ని కొట్టి చంపుతుంటే, మేం వాటికి గోధుమ తవుడూ చక్కెరా ఈస్టూ కలిపి ముద్ద చేసి పెట్టి, వారానికి కోట్ల లెక్కన పెంచి పెద్ద చేస్తాం. ఎలా చెప్పుకుంటుంది పాపం.

ఇవి ఇళ్ళలో తిరిగే ఈగలు కావు, పండు ఈగలు. బియ్యపు గింజకంటే కాస్త పెద్దవి. ఆడ ఈగ పండు తొక్కకు చిల్లు పొడిచి లోపల గుడ్లు పెట్టి పోతుంది. పైకి పండు నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే లోపల పురుగులు. మందు కొడితే ఈగతోపాటు తేనెటీగా చస్తుంది, పండుకూ విషం అంటుతుంది. అందుకని మేం మగ ఈగల్ని పెంచి, కోబాల్టు ఉన్న గదిలో కొద్దిసేపు గామా కిరణాలు తగలనిచ్చి, తోటల మీద వదులుతాం. కిరణాలు ఆ ఈగలోని విత్తనాన్ని మాత్రం చంపుతాయి. ఈగ బతుకుతుంది, ఎగురుతుంది, తోటలోని ఆడ ఈగతో జత కడుతుంది. ఆ గుడ్లు మాత్రం పొదగవు. తరం తరానికీ తోటలో ఈగలు తగ్గిపోతాయి. ఈగలో కిరణాలు మిగిలి ఉండవు, పండులోకి రావు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానంటే, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెబుతాను.

అయితే ఇదంతా ఒక్క రోజు మీద ఆధారపడి ఉంటుంది. ఈగ కాబోయే పురుగు కొన్నాళ్ళు గట్టి పెంకు కట్టుకుని కదలకుండా పడుంటుంది. అప్పుడు దాన్ని మేం గింజ అంటాం. ఆ గింజ పగిలి ఈగ బయటికి రావడానికి రెండు రోజుల ముందు కిరణాలు తగలాలి. అంతకన్నా ముందు తగిలితే, లోపల రెక్కల కండ ఇంకా తయారవకపోవడం వల్ల, పుట్టే ఈగ కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుందే గానీ ఎగరదు. ఆలస్యమైతే సంచిలోనే పగిలి ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి. ఆ రోజు వచ్చిందని చెప్పేది ఒక్కటే, పెంకు లోపల ఈగ కన్ను రంగు. మొదట పాలిపోయి ఉంటుంది, తర్వాత పసుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత కాఫీ రంగు. కాఫీ రంగు వచ్చిన రోజే రోజు.

ఆ రంగు చూసి చెప్పే మనిషిని అందరం రంగులక్క అనేవాళ్ళం. నేను చేరేనాటికే అక్క ఆ గదిలో పదిహేనేళ్ళుగా ఉంది. మొత్తం ముప్పై నాలుగేళ్ళు. ఆ గదికి బయటి కిటికీ లేదు. తెల్ల దీపం ఒకటి, గోడకు ఆనించిన బల్ల, దాని మీద భూతద్దం, గోడకు అంటించిన ఎనిమిది రంగుల కాగితం. తలుపు తీస్తే వెలుతురు మారుతుంది, వెలుతురు మారితే రంగు మారుతుంది కాబట్టి అక్క లోపల ఉన్నంతసేపూ ఇంకెవరూ వెళ్ళకూడదని రూలు. నడవా వైపు గోడకు జానెడు చెక్క తలుపు ఉండేది. ట్రేలు మోసేవాళ్ళు దాని మీద ఒకసారి తట్టి ఆ రోజు చీటీ లోపలికి తోసేవాళ్ళు. కాసేపటికి చెయ్యి ఒకటి బయటికి వచ్చి చీటీ ఇచ్చేది. వెనక నుంచి గొంతు "ఇవాళ" అనేది, లేకపోతే "రేపు" అనేది. కొత్తగా చేరినవాళ్ళలో కొందరు అక్క ముఖం చూడకుండానే ఏడాది గడిపేసేవాళ్ళు. ఒకతను క్యాంటీన్‌లో ఆమె పక్కనే కూర్చుని భోంచేస్తూ, ఆ రంగుల గదిలో ఎవరో ముసలమ్మ ఉంటుందట కదా అని ఆమెనే అడిగాడు. ఉందట, నేనూ విన్నాను అంది అక్క.

నాది రెండు గదుల అవతల. ఎగురుడు పరీక్ష నా పని. కిరణాలు తగిలిన గింజలు వంద లెక్కపెట్టి, జానెడు కూడా లేని నల్ల గొట్టంలో పెడతాను. గొట్టం లోపలి గోడకు పౌడరు పూస్తాం, కాళ్ళు జారతాయి కాబట్టి నడిచి ఎక్కలేవు. ఎగిరితేనే బయట పడాలి. నాలుగు రోజుల తర్వాత లోపల మిగిలినవి లెక్కపెడితే, నూటికి ఎన్ని ఎగిరాయో తెలిసిపోతుంది. ఎనభై దాటితే ఆ జట్టు మంచిది. అందుకని అక్క నన్ను గొట్టాలమ్మా అని పిలిచేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇంకెవరైనా అలా పిలిస్తే ఊరుకునేదాన్ని కాదు. అక్క పిలిస్తే మాత్రం ఏంటక్కా అనేదాన్ని.

అక్క తన గురించి చెప్పిందంతా మధ్యాహ్నం భోజనాల దగ్గర, అదీ నవ్విస్తూ చెప్పిందే. మా తవుడు ముద్ద పులిసిన వాసన ఒంటికి పడుతుంది. జుట్టులోకి, గోళ్ళలోకి, చీర మడతల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. లోపల పనిచేసేవాళ్ళకు అది తెలియదు, బయటివాళ్ళకు తెలుస్తుంది. ఇరవై నాలుగేళ్ళప్పుడు అక్కకు పెళ్ళయింది. ఆయన మర్యాదస్తుడట, వాసన అని ఒక్కసారీ అనలేదట. "ముందు మంచం కిటికీ పక్కకు జరిపాడు. తర్వాత వరండాలోకి జరిపాడు. ఆ తర్వాత వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. ఒకేసారి పోతే నేను నొచ్చుకుంటానని కాస్త కాస్త జరిగాడమ్మా" అని చెప్పింది. మేమంతా పగలబడి నవ్వాం. అక్క కూడా నవ్వి డబ్బా మూత పెట్టుకుంది.

బస్సులో అక్క పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. అదొక సుఖం, కాళ్ళు చాపుకోవచ్చు అనేది. చెల్లెలి కూతురి పెళ్ళిలో ఆమెను తలుపు దగ్గర, గాలి వచ్చే చోట కూర్చోబెట్టారట. గాలి బాగా వచ్చిందని చెప్పింది. ఆ తర్వాత మళ్ళీ ఏ శుభకార్యానికీ వెళ్ళినట్టు నేను వినలేదు. తోటలకు బయల్దేరే ఈగల సంచుల్ని చూసి, పెళ్ళికొడుకులు బయల్దేరారర్రా అనేది. పిల్లల్లేని మనిషి పిల్లలు పుట్టని ఈగల్ని పెంచుతోందని మావాళ్ళలో ఒకరు వెనక ఓ మాట విసిరారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పోయిన ఏడాది చలి మొదలయ్యాక నా గొట్టాల్లో లెక్క తగ్గడం మొదలైంది. ఎనభై ఆరు ఉండేది ఎనభై రెండయింది. తర్వాత డెబ్బై ఎనిమిది. తర్వాత డెబ్బై ఒకటి. తవుడు మార్చి చూశారు. నీళ్ళు పరీక్షించారు. కోబాల్టు గది వాళ్ళు కిరణాల మోతాదు మూడుసార్లు కొలిచారు, వెంట్రుకవాసి తేడా లేదు. ఇంతలో తూర్పు వైపు తోటల నుంచి కబురొచ్చింది. అక్కడ బోనుల్లో పడిన ఈగల్ని ప్రతివారం లెక్కపెడతారు. మావి రంగుపొడి పూసినవి, అడవివి పూయనివి. పూయనివి మూడింతలయ్యాయి. తోటవాళ్ళు గంపల కొద్దీ పండ్లు గొయ్యి తీసి పూడ్చిపెడుతున్నారు. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే మళ్ళీ మందు కొట్టుకుంటాం, మీ ఈగలూ వద్దు మీరూ వద్దు అన్నారట.

మీటింగు పెట్టారు. మా పెద్దసారు నెమ్మదస్తుడు, ఎవరినీ ఏమీ అనడు. అనకుండానే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా చేస్తాడు. చివరికి కోబాల్టు గది అతను గొంతు సవరించుకుని, గొట్టాల్లో పౌడరు ఎక్కువ పూస్తున్నారేమో, ఈగల రెక్కలకు అంటుకుంటోందేమో అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంతొమ్మిదేళ్ళుగా అదే పౌడరు, అదే చెయ్యి. అక్క ఓ మూల కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. తప్పు ఎక్కడుందో వారం తిరిగేలోపు పట్టుకుని ఆ కోబాల్టు వాడి ముఖాన కొడతానని మనసులో శపథం చేశాను.

ఒక్కో గదీ చూసుకుంటూ వచ్చాను. చివరికి మిగిలింది రంగు గది. దాన్ని అనుమానించడం నా బుర్రకు తట్టనే లేదు, లెక్క పూర్తి కావాలి కాబట్టి వెళ్ళానంతే. పొద్దున ఏడింటికి, రూలు పక్కన పెట్టి, చప్పుడు కాకుండా తలుపు తోశాను. అక్క వీపు నా వైపు ఉంది. ఎదురుగా బల్ల మీద నమూనా ట్రేలు నాలుగు. భూతద్దం ఓ పక్కకు నెట్టి ఉంది, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. పెంకులు విప్పే సూది డబ్బా మూత తీసి లేదు. అక్క కుడిచెయ్యి మణికట్టు దాకా గింజల్లో దూర్చి, కళ్ళు మూసుకుని కూర్చుంది. జ్వరం చూసే మనిషిలా కాసేపు అలాగే ఉండి, చెయ్యి తీసి చీటీ మీద టిక్కు పెట్టింది. రెండో ట్రేలో చెయ్యి పెట్టింది.

నేను తలుపు మళ్ళీ మూసి వచ్చేశాను. ఆమె ఇవాళ అన్న ట్రేలోంచి గుప్పెడు గింజలు నా గదికి తెచ్చుకుని, సూదితో పెంకులు విప్పి చూశాను. ఇరవై విప్పితే పదకొండింటి కళ్ళు నారింజ రంగులోనే ఉన్నాయి. ఇంకా ఒక రోజు కావాలి వాటికి.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్ ఖాళీ అయ్యేదాకా ఆగి, అక్క ముందు కాగితం మీద రెండు గింజలు పెట్టాను. పెంకు విప్పినవి, ఒకటి నారింజ, ఒకటి కాఫీ. ఏ రంగక్కా అన్నాను. ఆమె వాటి వైపు చూడను కూడా చూడలేదు, నా వైపే చూసింది.

"పొద్దున తలుపు తీసింది నువ్వేనా? చల్లగాలి తగిలింది" అంది.

నేను తలూపాను. తర్వాత తనే చెప్పింది. మూడేళ్ళ నుంచి కళ్ళలో పొర పెరుగుతోందట. మొదట దీపం పాతబడిందేమో అనుకుని కొత్తది వేయించుకుంది. తర్వాత భూతద్దం మార్పించింది. తర్వాత తెలిసిపోయింది. పసుపూ నారింజా కాఫీ అన్నీ ఒకటే, అన్నీ టీ రంగే. కానీ ముప్పై ఏళ్ళుగా గింజల్లో చేతులు పెట్టినదానికి ఇంకో సంగతి తెలుసు. గింజలు పగలబోయే రోజు దగ్గరపడితే ట్రే వేడెక్కుతుంది. లోపల లక్షల ఈగలు తయారవుతుంటాయి కదా, ఒళ్ళు వేడి అది. ఆ వేడిని అరచేతితో చూసి చెప్పడం మొదలుపెట్టింది. దాదాపు రెండేళ్ళు ఒక్కరోజు కూడా తప్పలేదు. నా గొట్టాల్లో ఎనభై ఆరు వచ్చిన రోజులు కూడా ఆ చేతివే. ఇప్పుడెందుకు తప్పుతోందో తనకూ అంతుపట్టడం లేదంది.

నాకు మాత్రం అప్పుడే తట్టింది. చలికి ముందు రంగు గది ఏసీ చెడిపోతే కొత్తది బిగించారు. దాని వేడిగాలి గొట్టం గోడ అవతలి నుంచి, సరిగ్గా అక్క బల్ల వెనక నుంచి వెళుతుంది. ట్రేలు మోసేవాళ్ళు నమూనాలను ఆమె వచ్చేసరికే గంట ముందు ఆ బల్ల మీద పెట్టి పోతారు. గోడ వేడికి ట్రే వేడెక్కుతుంది. గింజలు తయారయ్యాయని చెయ్యి అనుకుంటుంది. గొట్టం బిగించినవాళ్ళకు ఈ చెయ్యి సంగతి తెలియదు, ఈ చేతికి గొట్టం సంగతి తెలియదు.

"ఇంకా పదకొండు నెలలుందమ్మా నాకు" అంది అక్క. "బల్ల ఇటు జరిపించుకుంటాను. చెయ్యి మళ్ళీ సరిగ్గానే చెబుతుంది. ఆ గది కూడా లేకపోతే, పొద్దున్నే లేచి నేను ఎక్కడికని వెళ్ళను?"

ఆమె నా ఎదుట బతిమాలడం అదే మొదటిసారి, అదే ఆఖరు. నేను ఆ రోజంతా ఏమీ రాయలేదు. రాయకపోతే ఏమవుతుందని కూడా ఆలోచించాను, అబద్ధం ఎందుకు. బల్ల జరిపితే చాలు, ఎవరికీ తెలియదు. కానీ రేపు ఇంకో గోడ వెనక ఇంకో గొట్టం వస్తే? తూర్పు తోటలవాళ్ళు పూడ్చిన పండ్లు గుర్తొచ్చాయి. మర్నాడు రిపోర్టు రాసి, సారుకిచ్చే ముందు అక్కకు చదివి వినిపించాను.

"ఇచ్చెయ్" అంది. "నీ గొట్టాలు ఎప్పుడైనా అబద్ధం చెప్పాయా?"

సారు అక్కను ఒక్క మాట అనలేదు. మీటింగులో కూడా పేరు ఎత్తలేదు. మర్నాటి నుంచి ట్రేలు కడిగే చోటికి మార్చారు, అక్కడ కళ్ళతో పెద్ద పని లేదని. రంగు తెలిసినదాన్ని నేనే కాబట్టి నన్ను రంగు గదిలో కూర్చోమన్నారు, గొట్టాలు ఇంకొకరికి ఇచ్చారు. పదిహేను రోజుల్లో లెక్క మళ్ళీ ఎనభై ఐదుకు వచ్చింది. కోబాల్టు అతను వచ్చి నా చెయ్యి ఊపి మరీ అభినందించాడు. ముఖాన కొడదామనుకున్నవాడు, తీరా చెయ్యి ఊపుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అక్క కొత్త చోటికి రెండ్రోజులు వచ్చింది. మూడో రోజు నుంచి రాలేదు. నాలుగో రోజు రంగు గదిలో మిగిలిపోయిన ఆమె స్వెట్టరూ, కప్పూ, కళ్ళజోడూ సంచిలో వేసుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒకటే గది. మెట్లు బయటి నుంచి. తలుపు తీసి నన్ను చూడగానే, ఎవరూ అని అడిగింది. నేనక్కా అన్నాక లోపలికి రమ్మంది.

గదిలో ఒకటే కుర్చీ ఉంది. నన్ను అందులో కూర్చోబెట్టి తను పెట్టె మీద కూర్చుంది. అన్నీ ఒకటొకటే, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక తువ్వాలు. సబ్బులు మాత్రం ఏడున్నాయి. కిటికీ గట్టు మీద వరసగా పెట్టి ఉన్నాయి, నిమ్మది ఒకటి, గులాబీది ఒకటి, వేపది, ఇంకేవో. అన్నీ సగం సగం అరిగినవే. వాటి వైపు చూడకుండా ఉండాలని నేను ఎదుటి గోడ వైపు చూశాను. గోడ గడియారం కింద మేకుకు కాగితం ఒకటి గుచ్చి ఉంది. కంటి ఆసుపత్రి కాగితం.

అడగకుండానే తీసి చదివాను, నాకు ఆ మర్యాదలు తక్కువ. వయసు, ఎత్తు, బరువు, ఇంతకుముందున్న జబ్బులు అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపి ఉన్నాయి. పై మూలన తారీఖు ఏడాదిన్నర కిందటిది. ఒక్క గడి ఖాళీగా ఉంది. తోడు వచ్చినవారి పేరు, బంధుత్వం.

"పొర తీసేయడం పెద్ద పనేం కాదక్కా. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. ఎందుకు చేయించుకోలేదు?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"రెండుసార్లు వెళ్ళానమ్మా. కన్నుకు కట్టు కడతాం, తోడు ఎవరో ఒకరు ఉండాలి, సంతకం పెట్టాలి, ఎవరొచ్చారు అని అడిగారు. బయట ఉన్నారు, పిలుచుకొస్తానని చెప్పి వచ్చేశాను."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ."

చెల్లెల్ని అడగలేదా అంటే, అడిగిందట. మొదటిసారి పిల్లల పరీక్షలన్నారు. రెండోసారి ఇల్లు మారుతున్నామన్నారు. మూడోసారి తనే అడగలేదు. మమ్మల్ని అడగొచ్చు కదా అనబోయి నోరు మూసుకున్నాను. అడగడానికి మేం ఆమెకు ఏమవుతాం? కళ్ళ సంగతి బయటపడితే గది పోతుంది, అందుకు కూడా అడగలేకపోయింది. అంతకంటే ముందు, ఎవర్ని అడగాలో ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నాలు ఆమె చెబుతుంటే పగలబడి నవ్విన మనుషులమే గానీ, సాయంత్రం ఎలా ఇంటికి వెళతావక్కా అని అడిగినవాళ్ళం కాదు. సంచిలోంచి పెన్ను తీసి ఆ గడిలో నా పేరు రాశాను. బంధుత్వం దగ్గర ఆగాను.

"ఏమని రాస్తున్నావు?" అంది, కాగితం వైపు వంగి. ఆమెకు కనబడదని ఇద్దరికీ తెలుసు.

చెల్లెలు అని రాశానన్నాను. ఆమె లేచి స్టవ్వు వెలిగించింది. తర్వాత ఆ ఒక్క గ్లాసులో నాకు టీ పోసి ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, గ్లాసు కడిగి తను తాగింది.

కాగితం పాతబడిందని ఆసుపత్రిలో మళ్ళీ కొత్తది రాయించారు. నర్సు తోడు ఎవరని అడిగితే అక్క నా మోచెయ్యి పట్టుకుని, ఇదిగో, ఈవిడే అంది. పట్టు వదల్లేదు. ఆ చెయ్యి వెచ్చగా, గట్టిగా ఉంది. రెండేళ్ళు కోట్ల ఈగలకు రోజు చెప్పిన చెయ్యి అది.

మర్నాడు కట్టు విప్పారు. అక్క గది మూల ఉన్న బకెట్టు వైపే చూస్తూ ఉంది. "అది నీలమా?" అని అడిగింది. అవునన్నాను. "ఇంత నీలం ఉంటుందని మరిచిపోయాను" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి పైకీ కిందికీ చూసి, "ఏమే గొట్టాలమ్మా, ఇంత నెరిసిందేంటి నీకు? నేను చూడనప్పుడు ముసలిదానివైపోయావు" అంది. నర్సు నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

రంగు గది తిరిగి ఆమెకివ్వమని సారును వెళ్ళి అడిగాను. అడిగానంటే, కాస్త గట్టిగానే అడిగాను. ఇంకో పది నెలల్లో ఆవిడ వెళ్ళిపోతారు, మళ్ళీ మార్చడమెందుకు, నువ్వు బాగా చేస్తున్నావు అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. వచ్చి అక్కకు చెబితే, పోనీలే, ట్రేలు ఇప్పుడు తెల్లగా కనబడుతున్నాయి, అదే చాలు అంది. చాలదని నాకు తెలుసు. తనకూ తెలుసు.

నేను ఆ గదిలో ఇప్పటికి నాలుగు నెలలుగా ఉన్నాను. బల్ల అంచు ఒకచోట నున్నగా అరిగి ఉంది, ఆమె ఎడమ మోచెయ్యి ఆనించిన చోటు. నా మోచెయ్యి కూడా అక్కడికే వెళుతుంది. మొదటి వారం హాయిగా అనిపించింది, ఎవరి గోలా లేదు. రెండో వారం గింజలతో మాట్లాడుతున్నానని గమనించాను. మూడో వారం ఒకరోజు, చీటీ ఇస్తూ ఇవాళ అన్నాక, ఆ రోజుకు నేను పలికిన మాట అదొక్కటేనని తెలిసింది. అప్పటికి మధ్యాహ్నం పన్నెండయింది. నాకు ఇంటికెళితే మొగుడున్నాడు, కూతురుంది, రోజూ పోట్లాడుకోవడానికి అత్తగారుంది. అక్క మాత్రం ఇవాళ అన్న ఆ ఒక్క మాటతో బస్సెక్కి, పక్క సీటు ఖాళీగా ఉంచుకుని, ఆ ఒక్క కుర్చీ దగ్గరికి వెళ్ళి ఉంటుంది. అలా ముప్పై నాలుగేళ్ళు. ఆ లెక్క నా గొట్టాల్లో ఎప్పుడూ పడలేదు.

అక్క ఆసుపత్రి నుంచి వచ్చి పనిలో చేరిన మూడో రోజు, పొద్దున ఏడున్నరకు చెక్క తలుపు మీద తట్టారు. చీటీ కోసం చెయ్యి చాపాను. చీటీ రాలేదు. తప్పుగా తట్టారేమోనని సూది కింద పెట్టి తలుపు జరిపాను. అవతల అక్క నిలబడి ఉంది. చేతులకు మోచేతుల దాకా సబ్బు నురగ ఉంది.

"ఏంటక్కా, చీటీ ఏది?" అన్నాను.

"చీటీ లేదమ్మా. ఏం లేదు. ఉన్నావా అని" అంది.

ఉన్నానక్కా అన్నట్టు తలూపాను. సరే పని చూసుకో అని తలుపు తనే జరిపి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి రోజూ ఏడున్నరకు ఒకసారి తడుతుంది, ఒక్క రోజూ తప్పలేదు. ఇంకో ఏడు నెలలు తడుతుంది.

టీకి వెళ్ళడానికీ, భోజనానికీ, గొట్టాలు కడుక్కోవడానికీ, పంతొమ్మిదేళ్ళపాటు నేను ఆ చెక్క తలుపు ముందు నుంచి రోజుకు ఆరుసార్లు నడిచాను. ఒక్కసారైనా తట్టలేదు.